రెండు పేజీల ప్లాన్.. 86 బావుల లెక్క

ఉగాదికి వారం ముందు ఒక ఈమెయిల్ వచ్చింది. పంపిన అమ్మాయి అమెరికాలోనే భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. 2004లో నేను సమర్పించిన మాస్టర్స్ థీసిస్ ఆమెకు యూనివర్సిటీ లైబ్రరీలో దొరికిందట. ‘మీరు అయోవాలో 86 పొలం బావుల నీళ్లలో నైట్రేట్ ఎంతుందో కొలిచారు. అదే ప్రాంతంలో నేను మళ్లీ కొలవబోతున్నాను. బావులవారీగా మీ లెక్కలు ఉంటే పంపగలరా?’ అని అడిగింది.

ఇరవై ఏళ్లు దాటాక నా థీసిస్‌ను ఒక మనిషి తెరిచి చూశారంటే మాటలా! ఇంట్లో అందరికీ రెండేసి సార్లు చెప్పాను. ఆ సంబరం గరాజ్‌లోకి వెళ్లేదాకే నిలిచింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నని ఒహాయోలో మా మిత్రులందరికీ తెలుసు. చదివింది మాత్రం పర్యావరణ ఇంజినీరింగ్ అని సగం మందికి తెలీదు. సివిల్ చదివొచ్చి సాఫ్ట్‌వేర్‌లో తేలిన వాళ్లు మనలో ఎంతమందో లెక్కపెట్టడం కష్టం కనుక ఎవరూ అడగరు కూడా. మాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టిన వాళ్లను, నడుములు వంగిపోయిన వాళ్లను చూస్తూ పెరిగాను. అమెరికా వచ్చి ఎంఎస్‌లో నీళ్ల మీద పని ఎంచుకోవడానికి కారణం అదే. ఇక్కడి సమస్య ఫ్లోరైడ్ కాదు, నైట్రేట్. మొక్కజొన్న చేలకు వేసే ఎరువు నేలలోకి దిగి బావుల్లోకి చేరుతుంది. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పట్టిస్తే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారుతుందని 1945లో మొదట రాసిన వైద్యుడు హంటర్ కోమ్లీ. ఆయన చూసిన పిల్లలూ అయోవా వాళ్లే.

రెండేళ్లపాటు పాత హోండా కారులో సీసాలు వేసుకుని రైతుల ఇళ్ల చుట్టూ తిరిగాను. కొందరు కాఫీ ఇచ్చారు, ఒకాయన కుక్కను వదిలాడు. ఆ రెండేళ్ల కష్టమంతా మూడు జిప్ డిస్కుల్లో ఉంది.

టక్.. టక్.. టక్

జిప్ డిస్క్ అంటే ఈ తరానికి తెలియదు. ఫ్లాపీ కంటే కాస్త మందంగా ఉండేది. నావి 250 మెగాబైట్లవి. అప్పట్లో అదే గొప్ప. నాలుగు ఇళ్లు మారినా మా ఆవిడ పారేయకుండా ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన మార్కర్‌తో ‘మీ చదువు చెత్త’ అని రాసిపెట్టింది. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతున్న పాత డ్రైవ్ కొన్నాను. మొదటి డిస్క్ పెట్టగానే టక్, టక్, టక్ అని చప్పుడు. ఆ చప్పుడు తెలిసిన వాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు. రెండోదీ అంతే. మూడోది తెరుచుకుంది.

అందులో ఒక ఎక్సెల్ ఫైలు. పేరు ‘వెల్స్ ఫైనల్ కొత్తది 2’. బావి నంబరు, తేదీ, లోతు, ఆ పక్కన ‘ఎన్‌ఓ3’ అని ఒక కాలమ్. దాని కింద అంకెలు: 12, 30, 8.5, 41.. బయటి వాళ్లకు ఇందులో లోపమేమీ కనిపించదు. నాకు మాత్రం చెమట పట్టింది.

ఎందుకో చెబుతాను. నీళ్లలో నైట్రేట్‌ను రెండు రకాలుగా రాస్తారు. నైట్రేట్ మొత్తాన్ని తూచి రాయడం ఒకటి, అందులోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కగట్టి రాయడం ఇంకొకటి. రెండింటికీ తేడా 4.43 రెట్లు. అమెరికాలో తాగునీటి పరిమితి లీటరుకు 10 మిల్లీగ్రాములు, అది నైట్రోజన్ లెక్క. మన దేశంలో 45 మిల్లీగ్రాములు, అది నైట్రేట్ లెక్క. ఇక్కడి పరిమితి కఠినం, అక్కడిది వదులు అనుకునేరు. రెండూ దాదాపు ఒకటే. ఇప్పుడు నా ఫైల్లోని 30 చూడండి. అది నైట్రేట్ అయితే నైట్రోజన్ లెక్కలో 6.8, ఆ బావి నీళ్లు పరిమితిలోనే ఉన్నట్టు. అది నైట్రోజన్ అయితే ఆ ఇంటివాళ్లు పరిమితికి మూడు రెట్లు తాగుతున్నట్టు. కాలమ్ పేరు పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నేను రాయలేదు. ‘మనకు తెలుసు కదా’ అనుకున్నాను.

థీసిస్‌లో లేదా అని అడుగుతారు. ఉంది, కానీ అక్కడ లోతును బట్టి సగటులే వేశాను, బావులవారీగా లేవు. పైగా మా ల్యాబ్‌లో మధ్యలో మిషన్ మారింది. పాతది నైట్రేట్ లెక్క ఇచ్చేది, కొత్తది నైట్రోజన్ లెక్క. రెండింటినీ ఒకే కొలతకు మార్చిన షీటు ఉన్నది టక్ టక్ మన్న డిస్కులో. థీసిస్ సగటులను పక్కన పెట్టుకుని వారం రోజులు కూర్చుంటే ఏ నెలల అంకెలు ఏ లెక్కలోవో చాలావరకు తేలింది. రెండు మిషన్లూ కలిసి నడిచిన మూడు నెలల సంగతి మాత్రం తేలలేదు. 2003 వసంతంలోని మూడు నెలలవి. చేలకు ఎరువు వేశాక వానలు పడే కాలం. ఆ అమ్మాయికి అన్నిటికంటే ముఖ్యంగా కావలసినవీ అవే.

ఇది నా ఒక్కడి నిర్వాకం కాదని తెలిశాక కొంత ఊరట, కొంత దిగులు. 2014లో కరెంట్ బయాలజీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 2 నుంచి 22 ఏళ్ల వయసున్న 516 పరిశోధన పత్రాలు తీసుకుని, వాటి వెనకున్న డేటా ఇంకా ఉందా అని రచయితలనే అడిగారు. పత్రం వయసు ఏడాది పెరిగేకొద్దీ డేటా మిగిలి ఉండే సావకాశం 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చింది. కారణాల్లో పనిచేయని పాత ఈమెయిళ్లు ఉన్నాయి, చదవలేని పాత డిస్కులూ ఉన్నాయి. నా గరాజ్ కథే.

‘అన్నయ్యా, పాత ప్లాన్ ఒకటి ఉంటే పంపు’

ఈ చెమటలో ఉండగానే ఉగాది సంబరాలు వచ్చాయి. హైస్కూల్ ఆడిటోరియంలో పచ్చడి పంచుతుంటే ఒక చెల్లెలు పలకరించింది. సొంత చెల్లెలు కాదు, అసోసియేషన్ కలిపిన చుట్టరికం. పాలకొల్లు వైపు అమ్మాయి, దగ్గర్లోని ఒక మెడికల్ కాలేజీలో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న మన తల్లిదండ్రుల తిండి, షుగరు మీద పని చేస్తోంది. జూన్‌లో ఎన్‌ఐహెచ్‌కు మొదటి పెద్ద దరఖాస్తు వేయాలి.

‘అన్నయ్యా, నువ్వు యూనివర్సిటీలో డేటా పనే కదా చేసేది. డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ పాతది ఒకటి ఉంటే పంపు. పేర్లు మార్చుకుని పెట్టేస్తా’ అంది.

నిజమే, గత పదేళ్లుగా నా ఉద్యోగం ఒక యూనివర్సిటీ వైద్య పరిశోధకులకు డేటా వ్యవస్థలు కట్టిపెట్టడం. ఇలాంటి విన్నపాలు నెలకు నాలుగైనా వస్తాయి. ఒకసారి మనుషుల మీద చేసే అధ్యయనానికి పెట్టిన ప్లాన్‌లో ‘ఎలుకల బోనుల నంబర్లు భద్రపరుస్తాం’ అన్న వాక్యం చూశాను. ఎక్కడి నుంచి కాపీ కొట్టారో అడగలేదు. మామూలుగా అయితే నేనూ ఒక నమూనా పంపేసి ఊరుకునేవాణ్ని. ఆ వారం మాత్రం నా 86 బావులు కళ్లముందు తిరుగుతున్నాయి. ‘ఆదివారం ఇంటికి రామ్మా, కూర్చుని రాద్దాం’ అన్నాను. మొహం కాస్త చిన్నబుచ్చుకుంది. అయినా వచ్చింది, వదినకు పూతరేకులు పట్టుకుని.

ఈ ప్లాన్ల సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రజల పన్నులతో సేకరించిన సమాచారం ఒక ప్రొఫెసర్ అలమారాలో మగ్గిపోకూడదన్నది మూల సూత్రం. 1996లో మానవ జన్యుపటం మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలు బెర్ముడాలో కూర్చుని, చదివిన జన్యుక్రమాన్ని 24 గంటల్లో అందరికీ అందుబాటులో పెట్టాలని ఒప్పందానికి వచ్చారు. ఇప్పటి నిబంధనలకు ఒక రకంగా అది పెద్దన్న. ఎన్‌ఎస్‌ఎఫ్ 2011 జనవరి నుంచి ప్రతి దరఖాస్తుకూ రెండు పేజీలకు మించని డేటా ప్లాన్ జతచేయాలంది. ఎన్‌ఐహెచ్ అంతకుముందు ఏడాదికి 5 లక్షల డాలర్లు, ఆపైన అడిగే వాళ్లనే డేటా పంపిణీ గురించి చెప్పమనేది. 2023 జనవరి 25 నుంచి శాస్త్రీయ డేటా పుట్టే పరిశోధన ఏదైనా సరే, మొత్తం ఎంతైనా సరే, ప్లాన్ ఉండాల్సిందే.

ఎన్‌ఐహెచ్ అడిగేవి ఆరు విషయాలు. ఏ డేటా పుడుతుంది, దాన్ని తెరవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఏ ప్రమాణాల్లో రాస్తారు, ఎక్కడ ఎప్పుడు ఎంతకాలం ఉంచుతారు, ఎవరికి ఏ షరతుల మీద ఇస్తారు, ఇవన్నీ జరుగుతున్నాయని చూసే బాధ్యత ఎవరిది. పేపరు అచ్చయ్యేనాటికి గానీ, గ్రాంటు ముగిసేనాటికి గానీ, ఏది ముందైతే అప్పటికి డేటా పంచాలి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. దరఖాస్తుకు మార్కులు వేసే నిపుణులు మామూలుగా ఈ ప్లాన్‌కు మార్కులు వేయరు. సంస్థ అధికారులు చూస్తారు. మార్కులు లేవు కదా అని చివరి రాత్రి రాసేవాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, గ్రాంటు వచ్చాక ఆ రెండు పేజీలే షరతుగా మారతాయి. ఏటా పంపే నివేదికలో ‘చెప్పింది చేశారా?’ అని అడుగుతారు.

ఆనపకాయా? సొరకాయా?

మా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, ముందు డేటా ఏమిటో చూద్దామన్నాను. మన వాళ్లు ఏం తింటున్నారో రాసుకునే ప్రశ్నపత్రం ఉంది. ముందస్తుగా 22 మంది పెద్దవాళ్లతో తెలుగులో ఇంటర్వ్యూలు కూడా చేసింది. తిండి జాబితాలో ఆనపకాయ కూరకు ఒక కోడ్, సొరకాయ కూరకు ఇంకో కోడ్ ఉన్నాయి. ‘ఇదేంటమ్మా, రెండూ ఒకటేగా?’ అన్నాను. నాలిక కరుచుకుంది. ఆమె చేసిన ఇంటర్వ్యూల్లో అందరూ ఆనపకాయే అన్నారట, తెలంగాణ పెద్దాయన ఇంటర్వ్యూ చేసిన విద్యార్థి సొరకాయ అని విడిగా వేశాడు. వంటింట్లోంచి మా అమ్మ ‘మా దిక్కు ఆనిగెపుకాయ అంటం బిడ్డా’ అని మూడో పేరు అందించింది.

అంతటితో ఆగలేదు. ‘రెండు గరిటెల అన్నం’ అని రాసుంది. ఎంత గరిటె? మా ఇంట్లోనే మూడు సైజులున్నాయి. ‘కూర’ అని ఒకచోట ఉంది. మా అమ్మ లెక్కలో ఆదివారం కూర అంటే మాంసం, పాలకొల్లు లెక్కలో కూర అంటే బెండకాయ కూడా కావచ్చు. ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత టెక్సాస్‌లో ఎవరో ఈ ఫైలు తెరిచి, మన పెద్దవాళ్లు రోజుకు ఎంత పిండిపదార్థం తింటున్నారో లెక్కగట్టి ఒక డాక్టర్‌కు చెబితే, ఆ డాక్టర్ మీ నాన్నగారికి చెబుతాడు. నా నైట్రేట్ కాలమ్‌కూ ఈ గరిటెకూ తేడా లేదు.

తేదీల సంగతి సరేసరి. 04/05 అంటే ఇక్కడి విద్యార్థి ఏప్రిల్ 5 అని వేశాడు, మన అమ్మాయి మే 4 అని వేసింది. ఏడాది ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు అన్న పద్ధతిలో రాస్తే ఏ దేశం వాళ్లకూ గొడవ ఉండదు. ఎక్సెల్‌కు వదిలేస్తే ఇంకా ఘోరం. మార్చ్1, సెప్ట్1 అన్న పేర్లున్న జన్యువులను అది తేదీలుగా మార్చేస్తుంటే వేగలేక, 2020 నాటికి శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్‌ను మార్చలేక జన్యువుల పేర్లు మార్చడం! మా వృత్తివాళ్లం సిగ్గుపడాల్సిన సంగతి.

మధ్యాహ్నానికి ఒక పేజీ రాసుకున్నాం. ప్రతి కాలమ్‌కూ అర్థం, కొలత, కోడ్ చెప్పే డేటా డిక్షనరీ ఒకటి. ఏ ఫైల్లో ఏముందో చెప్పే రీడ్‌మీ ఒకటి. పెట్టుబడి కొలిచే గరిటెకు గ్రాములు. ఈ పనికి ఏడాదికి ఒక మనిషి సమయంలో కొంత వాటా పడుతుందని లెక్కేస్తే, ‘ఆ డబ్బెక్కడిది?’ అంది. డేటాను సిద్ధం చేసే ఖర్చు, భద్రపరిచే రుసుము దరఖాస్తు బడ్జెట్‌లోనే అడగొచ్చని ఎన్‌ఐహెచ్ చెబుతోంది. గ్రాంటు నడిచే కాలంలోనే ఖర్చు పెట్టాలంతే. చాలామంది అడగరు. తర్వాత పీహెచ్‌డీ పిల్లల చేత రాత్రుళ్లు చేయిస్తారు.

వాట్సాప్‌లో వెళ్లిన గొంతులు

భోజనాలయ్యాక ఇంటర్వ్యూల ఫైళ్లు తెరిచింది. స్క్రీన్ మీద తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. నాకు వెంటనే అర్థమైంది. అను ఫాంట్లు! మన ఊళ్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి అచ్చయింది ఆ ఫాంట్లలోనే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా డీటీపీ సెంటర్లలో అలవాటు పోలేదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగు కనిపిస్తుంది, లేనిచోట ఇదిగో ఇలా. ఇవి భద్రపరిచినా ఒకటే, పరచకపోయినా ఒకటే. యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి, ఒత్తులు మాత్రం కళ్లతో చూసి దిద్దుకోవాలి.

‘మా అమ్మ చేత దిద్దిస్తా, టీచరు చేసి రిటైరైంది’ అంది. నవ్వబోయి ఆగాను. ఆ 22 మంది తమ రోగాలు, కోడళ్లతో పేచీలు, మందులకు డబ్బులడగలేక మానేసిన రోజులు చెప్పుకున్నది ఆమెకు, వాళ్లమ్మకు కాదు. అప్పుడే నాకో అనుమానం వచ్చింది.

‘అసలు ఇవి టైపు చేసిందెవరు?’

‘మా ఊళ్లో డీటీపీ చేసే అన్న. చవగ్గా చేస్తాడు.’

‘ఆడియో ఎలా పంపావు?’

కాసేపు మాట్లాడలేదు. ‘వాట్సాప్‌లో’ అంది.

యూనివర్సిటీ అనుమతి పత్రంలో రికార్డింగులు వినేది పరిశోధన బృందం మాత్రమేనని ఉంది. పాల్గొన్న వాళ్లు సంతకం పెట్టింది ఆ మాటకే. ఆమె దురుద్దేశంతో చేయలేదు, తెలుగు టైపు చేసేవాళ్లు ఇక్కడ దొరక్క చేసింది. కానీ మాట తప్పిన మాట వాస్తవం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం పోతుందా అని అడిగింది. నేను పోదని హామీ ఇవ్వలేదు, నా చేతుల్లో లేనిది. రేపు పొద్దున్నే నైతిక సమీక్ష కమిటీకి నువ్వే చెప్పు, వాళ్లకై వాళ్లు కనుక్కునేదాకా ఆగొద్దు అన్నాను. మా ఆవిడ టీ తెచ్చి పక్కన కూర్చుంది.

సోమవారం చెప్పింది. కమిటీ మూడు వారాలు తీసుకుంది. టైపు చేసినాయన దగ్గర, ఫోన్లలో ఉన్న కాపీలు తీసివేయించి రాతపూర్వకంగా నిర్ధారణ తెప్పించమన్నారు. పాల్గొన్న వాళ్లకు జరిగింది తెలుగులో ఉత్తరం రాసి చెప్పమన్నారు. ఇకపై టైపు చేసేవాళ్లెవరైనా ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి, ఫైళ్లు యూనివర్సిటీ సర్వర్ దాటకూడదు. ఉద్యోగం పోలేదు. 22 మందిలో ఇద్దరు తమ ఇంటర్వ్యూ తీసేయమన్నారు, తీసేసింది. ఒకావిడ ఫోన్ చేసి, ‘నేను చెప్పినవి మా కోడలికి తెలియవు కదమ్మా?’ అని మాత్రం అడిగిందట.

ఆవిడ ప్రశ్న ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద ముడి. అమెరికా ఆరోగ్య గోప్యత చట్టం కింద పేరు, ఫోను, చిరునామా లాంటి 18 రకాల వివరాలు తీసేస్తే మనిషి గుర్తు పోయినట్టే లెక్క. మన చిన్న ఊళ్లలో అది చాలదు. ‘71 ఏళ్ల మాజీ తహసీల్దారు, భీమవరం దగ్గర, ఇద్దరు కొడుకులూ అనస్థీషియా డాక్టర్లు’ అని ఉంటే పేరెందుకు? గుడిలో ప్రసాదం క్యూలో నిలబడ్డ ఎవరైనా చెప్పేస్తారు. అందుకే ఊరి పేర్లు తీసేసి జిల్లాలను కలిపి ప్రాంతాలుగా మార్చింది. వయసును ఐదేళ్ల తరగతుల్లో పెట్టింది, వృత్తిని నాలుగు రకాలకు కుదించింది. తిండి, షుగరు అంకెలు ఇలా శుద్ధి చేశాక అర్హులైన పరిశోధకులకు ఇస్తారు. ఇంటర్వ్యూలు మాత్రం దరఖాస్తు పెట్టుకుని, మనిషిని గుర్తించే ప్రయత్నం చేయబోమని ఒప్పందం రాసిస్తేనే చూడనిస్తారు. మిషిగన్ యూనివర్సిటీలోని ఐసీపీఎస్‌ఆర్ లాంటి భాండాగారాలు ఇలాంటి నియంత్రిత పద్ధతిని ఎప్పటి నుంచో నడుపుతున్నాయి.

ఇంకో చిక్కు. పాత సమ్మతి పత్రంలో ‘అధ్యయనం ముగిశాక రికార్డింగులు ధ్వంసం చేస్తాం’ అని ఉంది. అది పెట్టుకుని ప్లాన్‌లో ‘అందరితో పంచుకుంటాం’ అని రాస్తే రెండింట్లో ఒకటి అబద్ధం. నేను చూసిన ప్లాన్లలో సగం తప్పులు ఇక్కడే. ముందస్తు ఇంటర్వ్యూలు పంచబోమని, కారణం సమ్మతి పత్రమేనని సూటిగా రాయమన్నాను. పంచలేని న్యాయమైన కారణం ఉంటే నిధులిచ్చే సంస్థ ఒప్పుకుంటుంది, దాచితేనే చిక్కు. కొత్తగా చేరేవాళ్ల పత్రంలో మాత్రం, ఏ సమాచారం ఎవరికి ఏ షరతు మీద వెళుతుందో తెలుగులో, పెద్దక్షరాలతో రాసింది. మీ అమ్మానాన్నలను ఎవరైనా ఇలాంటి అధ్యయనానికి అడిగితే, సంతకానికి ముందు ఆ పేరా ఒక్కటి చదివి వినిపించండి. వద్దనమని కాదు. మన గుండెజబ్బుల మీద ఇక్కడ జరిగిన మసాలా లాంటి అధ్యయనాలు మన వాళ్లు ముందుకొచ్చి చేరితేనే సాధ్యమయ్యాయి.

‘అడిగిన వారికి డేటా ఇవ్వబడును’ అని ఒక్క వాక్యం రాసి తప్పుకునే పాత పద్ధతిని ఆమె కూడా ప్రయత్నించింది. కొట్టేయించాను. అలా రాసిన 1,792 పత్రాల రచయితలను నిజంగా అడిగి చూశారు, 2022లో ఫలితం వచ్చింది. 93 శాతం జవాబే ఇవ్వలేదు, లేదా కుదరదన్నారు. ఇస్తే ఏమవుతుందో చూడాలంటే 2013 నాటి ముచ్చట ఉంది. దేశాల అప్పు 90 శాతం దాటితే ఎదుగుదల కుంటుపడుతుందని హార్వర్డ్ ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ రాసిన పత్రం చాలా ప్రభుత్వాల నోట నానింది. థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ షీటు పంపారు. ఫార్ములాలో ఐదు దేశాలు జారిపోయాయని అతను పట్టుకున్నాడు. ఆ పొరపాటు, మరికొన్ని ఎంపికలు సరిచేస్తే మైనస్ 0.1 అన్న సగటు 2.2 అయింది. అందరూ తప్పునే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ షీటు పంపడం కూడా గొప్పగానే అనిపిస్తుంది. నేనైతే ‘వెల్స్ ఫైనల్ కొత్తది 2’ను ఎవరికైనా పంపాలంటే ఇప్పటికీ మొహమాటమే.

నా బాకీ

కమిటీ తీసుకున్న మూడు వారాలతో ఆమెకు జూన్ గడువు దాటిపోయింది. అక్టోబరులో వేసింది. ప్లాన్ సరిగ్గా రెండు పేజీలు వచ్చింది. ఫలితం ఇంకా రాలేదు.

ఈలోగా నా పని నేను చూసుకున్నాను. ఆ డేటా నాదేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. గ్రాంటు వచ్చేది యూనివర్సిటీకి కనుక డేటా కూడా మామూలుగా యూనివర్సిటీదే. రిటైరైన మా ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేశాను. 80 దాటినా గొంతులో అదే గాంభీర్యం. ల్యాబ్ నోట్‌బుక్కులు భవనం మరమ్మతుల్లో పోయాయని చెప్పారు. ‘ఆ కాలమ్‌కు యూనిట్ రాయమని నీకు నేను చెప్పలేదా?’ అని అడిగారు. చెప్పారు. యూనివర్సిటీతో మాట్లాడి అనుమతి ఆయనే ఇప్పించారు.

బావుల చిరునామాలు బయటపెట్టబోమని ఆ రైతులకు అప్పట్లో మాటిచ్చాను. కనుక కౌంటీ పేరు, లోతు మాత్రమే ఉంచాను. ఎక్సెల్‌ను మామూలు సీఎస్‌వీగా మార్చాను. జెనీవాలోని సెర్న్ నడిపే జెనోడోలో పెట్టాను, డబ్బు కట్టక్కర్లేదు. డీఓఐ అనే శాశ్వత నంబరు ఇచ్చారు. రీడ్‌మీలో ఏ నెలలు ఏ లెక్కలో ఉన్నాయో, అది ఎలా తేల్చానో రాశాను. చివరి పేరా మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను: ‘2003 మార్చి నుంచి మే వరకు ఉన్న 214 విలువలకు కొలత తెలియదు. నమోదు చేసిన వ్యక్తి రాసి పెట్టుకోలేదు. పోలికలకు వాడవద్దు.’

ఆ అమ్మాయి ధన్యవాదాలు చెబుతూ జవాబు రాసింది. ఆ 214 వదిలేసి, మిగతావి వాడుకుంటుందట. వసంతకాలపు పోలిక మాత్రం ఆమె థీసిస్‌లో ఉండదు.

జెనోడో పేజీలో డౌన్‌లోడ్ల సంఖ్య కనిపిస్తుంది. ఇప్పటికి నాలుగు. అందులో ఒకటి ఆమెది, ఒకటి మన పాలకొల్లు చెల్లెలిది, ఒకటి ఫైలు సరిగ్గా తెరుచుకుంటోందా లేదా అని నేను చూసుకున్నది. నాలుగోది ఎవరిదో తెలియదు.